ఒకే చేను, రెండు పచ్చలు

మొదటి మొక్క వేరుకు ఏమీ లేదు.

షమా దాన్ని పీకలేదు. పీకితే చూడవలసినది మట్టిలోనే తెగి ఉండిపోతుంది. కలుపు తీసే తొలికతో చుట్టూ తవ్వి, మట్టిపెళ్ళతో సహా పైకి లేపి, సీసాలోని నీళ్ళతో మెల్లగా కడిగింది. సన్నటి తెల్లటి వేరు, దానికి దారప్పోగుల్లాంటి పిల్లవేర్లు. అంతే. రెండు సాళ్ళు వదిలి మరొకటి తవ్వింది. అదీ అంతే.

లేచి, నడుం పట్టుకుని పడమటి వైపు చూసింది. అదే చేను, అదే పప్పుశనగ. కానీ నట్టనడుమ ఎవరో తాడు పట్టి గీసినట్టు అటు సగం ఒక పచ్చ, ఇటు సగం ఇంకొక పచ్చ. తూర్పు సగంలో మొక్కలు పాలిపోయి నేలను కరుచుకుని ఉన్నాయి. పడమటి సగంలోవి ముదురుపచ్చగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. నిన్న బస్సులో గుత్తికి పోతూ కిటికీలోంచి ఆ గీత చూసింది. రాత్రంతా అదే కళ్ళల్లో మెదిలితే ఈరోజు మళ్ళీ బస్సెక్కి వచ్చింది.

గీత దాటి పడమటి సగంలో ఒక మొక్క తవ్వింది. కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. వేరు నిండా బుడిపెలు. రాగిగింజంతవి, ఆవగింజంతవి, ఒకటి రెండు పెసరగింజంతవి. ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల పసిపిల్ల చిగుళ్ళ రంగు.

"బతికే ఉండావు గదమ్మా," అంది ఆ వేరుతో.

షమా డిటెక్టివే గాని, అనంతపురంలో ఆమె ఆఫీసు మెట్లెక్కేవాళ్ళలో ముప్పాతిక మంది పెళ్ళికొడుకుల గుట్టు కోసం వచ్చేవాళ్ళే. తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, ఇంతకుముందు ఎవరైనా ఉన్నారా. ఇన్నేళ్ళ ఆ పనిలో ఆమెకు అబ్బిన తెలివి ఒకటుంది. మనిషి నడివీధిలో ఎంత అబద్ధమైనా ఆడగలడు, వంటింట్లో ఆడలేడు.

అంజనమ్మ మాత్రం పెళ్ళి కోసం రాలేదు. ఆమె కూతురు చౌడేశ్వరి జైల్లో ఉంది. వాళ్ళ ఊరు బొమ్మరాసిపల్లెలో ఆడవాళ్ళ సంఘం ఒకటి రేకుల షెడ్డులో విత్తనాలకు పట్టించే మందు తయారుచేస్తుంది. మందు అంటే రసాయనం కాదు. కంటికి కనిపించని మేలు చేసే బ్యాక్టీరియా. బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టిస్తే, మొలక వేరు బయటికి తల పెట్టీ పెట్టగానే అవి దాన్ని పట్టుకుంటాయి. ఒక రకం వేరును తేమ ఉన్న లోతుకు తొందరగా దింపుతుంది. రెండో రకం వేరు మీద బుడిపె కట్టుకుని, గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మారుస్తుంది. వాన ముఖం చాటేసే ఈ సీమలో మొదటి నెల గట్టెక్కిన మొక్కే పంట. అందుకే విత్తే కాలం వస్తే ఆ షెడ్డు ముందు జనం బారులు తీరేవారు. అంతటికీ మూలం ఒక్క సీసా. అందులోంచి కొంచెం తీసి కొత్తది పెంచుతారు, దాంట్లోంచి కొంచెం తీసి మళ్ళీ ఇంకోటి. పాలలో వేసే తోడులాగే కాబట్టి ఆడవాళ్ళు దానికి తోడనే పేరు పెట్టుకున్నారు.

ఆ తోడుకు పెద్దదిక్కు తిరుపాలమ్మ. నెల కిందట ఒక శుక్రవారం, దీపాల వేళ దాటాక, తల పగిలి షెడ్డులో పడి ఉంది. పక్కన గాజు ముక్కలు. ఆ మధ్యాహ్నమే వంతుల దగ్గర మాట పెరిగి చౌడేశ్వరి ఆమెతో నలుగురిలో పోట్లాడింది. షెడ్డు రెండో తాళంచెవి కూడా చౌడేశ్వరి దగ్గరే ఉంది. కోపంతో పెద్దామెను కొట్టి, తోడు సీసా నేలకేసి పగలగొట్టిందని పోలీసులు తేల్చేశారు. తిరుపాలమ్మ అప్పట్నుంచి అనంతపురం ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉంది. సోమవారం ఛార్జిషీటు. ఈలోగా ఆమె ప్రాణం పోతే అది హత్య కేసు.

పగిలింది తోడు సీసా కాదని షమా నమ్మకం. తోడులో తీపి ఉంటుంది. తెల్లారి ఆ గాజు ముక్కల దగ్గరికి ఒక్క చీమ కూడా రాలేదని ఊరివాళ్ళే చెప్పారు. అంటే పగిలింది నీళ్ళ సీసా. అసలుది ఎవరో ఎత్తుకుపోయారు. ఎత్తుకుపోయినవాళ్ళు దాన్ని దాచి పూజ చెయ్యరు, ఎక్కడో ఒకచోట విత్తనానికి పట్టించే ఉంటారు. అలా పట్టించిన చేను తనంతట తనే నోరు విప్పుతుంది.

"వేర్లు తవ్వి చూస్తే తెలుస్తాదా?" అని ఆమె ఆశ్రితను అడిగింది. ల్యాబుల్లో చదువుకుని వచ్చి, ఆ సంఘానికి తోడు పెంచడం నేర్పిన అమ్మాయి ఆశ్రిత. ఈ కేసులో షమాకు సైన్సు పాఠాలు చెప్పిందీ ఆమే. "దండగక్కా," అంది ఆశ్రిత. "బుడిపెలు ఏ చేలో అయినా ఉంటాయి. వాటిని బట్టి ఏమీ చెప్పలేం. మీరు ఎండలో తిరగొద్దు."

మరి ఈ తూర్పు సగానికి ఒక్కటీ లేదే. ఎంత చదివినా మనిషే కదా, పొరబడి ఉంటుందిలే అనుకుంది షమా. పాపం, ఆ పిల్ల పొద్దుట్నుంచి ఆసుపత్రిలో తిరుపాలమ్మ మంచం పక్కనే కూర్చుని ఉంది. తిరుపాలమ్మకు నా అన్నవాళ్ళు లేరు. సంఘం ఆడవాళ్ళు వంతులవారీగా కూర్చుంటున్నారు. ఈరోజు అందరికీ చేలల్లో పని పడితే, ఆశ్రితను బతిమాలి పంపింది షమానే.

గట్టు మీద జీపు ఆగింది.

"ఏం మేడం, పెళ్ళికొడుకులు అయిపోయినారా? పప్పుశనగకు సంబంధాలు చూస్తాండారా?"

సీఐ శశికుమార్. అతని వెనక తెల్లచొక్కా నలగకుండా దిగినవాడు తిప్పేష్. చేను అతనిదే. గుత్తిలో ఎరువుల దుకాణం నడుపుతాడు.

"చూడండి సార్, అడగకుండా చేలో పడి మొక్కలు పీకుతాంది," అన్నాడు తిప్పేష్.

"పీకలేదప్పా, తవ్వినా. తేడా ఉండాది."

"ఈ కేసులో మీరు వేలు పెట్టడం ఇది ఎన్నోసారి?" అన్నాడు శశికుమార్.

"మీరు వేలు తీసేసిన చోటల్లా పెడతాండా సార్. ఆసుపత్రిలో కానిస్టేబుల్‌ను ఎందుకు తీసేసినారు?"

"ముద్దాయి లోపల ఉండాది. ఇంక ఎవరి నుంచి కాపలా? ఆ పెద్దామెకు మంచం కాడ మనిషిని పెడితే, జాతర బందోబస్తుకు మీరొచ్చి నిలబడతారా?"

షమా చేతిరుమాలు పరిచి దాని మీద రెండు మొక్కలూ పక్కపక్కన పెట్టింది. బుడిపెలు లేనిది ఒకటి, ఉన్నది ఒకటి. శశికుమార్ వంగి చూశాడు. చూడకుండా పోనీలే అనుకునే మనిషి కాదు అతను. కేసు మూసెయ్యాలనే తొందర ఉందిగాని కళ్ళు మూసుకునే అలవాటు లేదు.

"అటుపక్క ఎరువు ఎక్కువ పడింది సార్," అన్నాడు తిప్పేష్ అడక్కుండానే.

"ఎరువు పచ్చ చేస్తాదప్పా, బుడిపె కట్టదు. దండిగా పడితే ఉండే బుడిపెలు కూడా తగ్గిపోతాయి. ఎరువులమ్మేటోనివి, నీకు తెలీదా?"

"ఉండండి మేడం," అన్నాడు వేరుశనగ రైతు కొడుకైన శశికుమార్. "మా నాయన ఏటా శెనక్కాయే వేసేటోడు. ఏ చెట్టు పీకినా వేరు నిండా బుడిపెలే. ఎవరి తోడూ తెచ్చి కలపలే. నేలలోనే ఉంటాయి అవి."

"శెనక్కాయవి ఉంటాయి సార్. పప్పుశనగవి వేరు. దాని వేరు పిలిస్తే ఇవి పలకవు, దీని వేరు పిలిస్తే అవి పలకవు. తిప్పేష్, ఈ చేలో ఇదివరకు ఎప్పుడన్నా పప్పుశనగ వేసినావా?"

తిప్పేష్ సీఐ వైపు చూశాడు. చుట్టుపక్కల చేలవాళ్ళందరికీ తెలిసిన సంగతి, దాస్తే దాగేది కాదు. "లే. శెనక్కాయే."

"నేలలోనే ఉండుంటే రెండు పక్కలా ఉండల్ల. తూర్పున ఒక్కటీ లేదు. మీరే తవ్వండి, తొలిక ఇస్తా. పడమటి సగానికి మాత్రం యాడనుంచి వచ్చినాయి?"

శశికుమార్ తొలిక తీసుకున్నాడు. ప్యాంటు మడతలు నలిగేలా కూర్చుని తూర్పున రెండు, పడమట రెండు తవ్వాడు. అతను తవ్వుతున్నంతసేపూ తిప్పేష్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నాలుగో మొక్కను కడగకుండానే సీఐ లేచి అతని వైపు తిరిగాడు.

"చెప్పు."

"ఇచ్చింది సార్," అన్నాడు తిప్పేష్. "తిరుపాలమ్మే ఇచ్చింది. ఆ శుక్రవారం దీపాలు పెట్టినాక పోయినా. రవ్వంత తోడు ఇయ్యమ్మా అంటే చేత్తో సీసా నింపి ఇచ్చింది. నేనొచ్చేటప్పుడు చౌడేశ్వరి ఎదురొచ్చింది. మొగం ఎర్రగా ఉండింది. ఎందుకొచ్చిన గొడవని ఇన్నాళ్ళూ చెప్పలే."

శశికుమార్ చేతులు దులుపుకున్నాడు. అతని మొహంలో ఎగతాళి లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది షమాను.

"చూసినారా మేడం. ఆ టైములో చౌడేశ్వరిని షెడ్డు కాడ చూసినోడు నాకు ఇంతవరకూ లేడు. మీరు తవ్వి తెచ్చి ఇచ్చినారు."

షమాకు జైలు కిటికీ వలకు వేళ్ళు గుచ్చి నిలబడిన చౌడేశ్వరి గుర్తొచ్చింది. ఆ పిల్లను బయటికి లాగుదామని వేసిన తాడు ఆ పిల్ల మెడకే పడుతోంది. కానీ తిప్పేష్ చెప్పినదాంట్లో ఏదో ఒక మాట అన్నంలో రాయిలా పంటికింద తగిలింది. ఏదో వెంటనే తెలియలేదు. తెలిసేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదని మాత్రం తెలిసింది.

"సార్, అది నిజమే అనుకుందాం. అయినా తూర్పు సగం ఎందుకు చచ్చిందో చెప్పలేదు గదా ఈయప్ప. విత్తనం కలిపినామెను అడుగుతా. మీ ముందరే."

"వాళ్ళింటి ఆడోళ్ళతో ఏం పని?" అన్నాడు తిప్పేష్.

"పెళ్ళికొడుకుల కేసుల్లో నేను మొదట పోయేది ఆడికే అప్పా."

తిప్పేష్ ఇల్లు చేను చివరనే. వాళ్ళు పోయేసరికి పొద్దు గూకింది. అతని భార్య హేమావతి అప్పుడే దేవుడి గూట్లో దీపం పెట్టి, కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది. ముప్పై దాటని మనిషి. పోలీసును చూసి బెదిరింది గాని, షమా పీట లాక్కుని వంటింట్లో కూర్చోగానే కాస్త నెమ్మదించింది. సీఐ గుమ్మం బయట నిలబడ్డాడు. తిప్పేష్ బండి తాళాలు మర్చిపోయానంటూ పెరట్లోకి పోయి వచ్చాడు.

"విత్తనానికి పాకం పట్టించింది నువ్వేనా అమ్మీ?"

"నేనే గదక్కా. ఈయన ఎప్పుడు చెయ్యి తడిచేసుకున్నాడు?"

"బెల్లం కాచినాక ఆరనిచ్చినావా?"

హేమావతి తప్పు చేసి దొరికిన పిల్లలా నవ్వింది. "మొదటి దబరగిన్నెకు లేదక్కా. విత్తడానికి గొర్రు కట్టి మనుషులు నిలబడినారు, ఈయన బయట్నుంచి ఒకటే కేకలు. పొగలు పోతాంటేనే సీసాలో సగం దాంట్లో పోసి కలిపేసినా. చెయ్యి కూడా బొబ్బలెక్కింది."

"ఆ విత్తనం యాడ పడింది?"

"తూర్పున మొదలుపెట్టినారు. అది అయ్యి, రెండోదానికి మనిషి వచ్చేలోపల మిగిలిన పాకం పొయ్యి పక్కన చల్లారిపోయింది. దాంట్లో మిగతా సీసా పోసి కలిపినా. అది పడమటికి."

"పొగలు పోయే పాలల్లో తోడేస్తే ఏమైతాది అమ్మీ?"

"తోడుకోదు. తోడు..." హేమావతి మాట మధ్యలో ఆగింది. చెయ్యి నోటి మీదికి పోయింది. "అందుకేనా అక్కా? వేడికి చచ్చినాయా? నెలనుంచి నన్ను తిడతాండాడు ఈయన, నీ చేతివాసి మంచిది కాదు, సగం చేను పాడుచేసినావని."

"నీ చేతివాసి బంగారం. ఆయన కేకలే చంపినాయి," అంది షమా. బయట సీఐ గొంతు సవరించుకోవడం వినిపించింది. నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే తేమ. మధ్యలో తేడా ఒక్క పాకం వేడి. పడమటి సగంలో బతికింది బొమ్మరాసిపల్లె తోడేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ అది తిప్పేష్ ఒప్పుకోనే ఒప్పుకున్నాడు. కావలసింది అది కాదు. గూట్లో దీపం వైపు చూసింది షమా. చిన్నప్పుడు బుక్కరాయసముద్రంలో తమ వీధి గుర్తొచ్చింది. పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయ్యాక అమ్మ తన చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. పక్కింటి పెద్దక్క గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టేది.

పంటికింద రాయి ఏదో అప్పుడు తెలిసింది.

"అమ్మీ, మా ఇంట్లో పెరుగైపోయింది. పోతా పోతా రవ్వంత తోడు పట్టుకుపోనా?"

"ఇప్పుడా?" హేమావతి నొచ్చుకుంది. "దీపం పెట్టినా గదక్కా. దీపం పెట్టినాక తోడు గడప దాటించకూడదు, అందులో శుక్రవారం. పొద్దున రాండి, చెంబుడు ఇస్తా."

షమా గుమ్మం వైపు తిరిగింది. "విన్నారా సార్?"

శశికుమార్ నవ్వు పోయింది. "మా అమ్మ కూడా ఇయ్యదు," అన్నాడు నెమ్మదిగా.

"తిరుపాలమ్మ ఆ సీసాకు పసుపు పూసి బొట్టు పెట్టే మనిషి. మడకశిర కాడ్నుంచి వచ్చినోళ్ళు పొద్దు గూకినాక దిగితే, అరుగు మీద చాపేసి, సంగటి పెట్టి, తెల్లారినాకే తోడు ఇచ్చింది. ఊరంతా చెప్పుకుంటాది ఆ సంగతి. అట్లాంటామె శుక్రవారం, దీపం పెట్టినాక, ఈయప్పకు చేత్తో నింపి ఇచ్చిందా?"

తిప్పేష్ నుదురు తుడుచుకున్నాడు. "నేను... కొంచెం ముందే పోయినానేమో సార్."

"యాడికీ పోలేదు ఈయన," అంది హేమావతి.

"నువ్వు నోరు ముయ్యే."

"మూసింది చాలు. ఆడొక ఆడపిల్ల జైల్లో ఉండాదంటే నాకు అన్నం పోతాండలే." ఆమె మొగుడి వైపు చూడకుండా సీఐకి చెప్పింది. "ఆ పొద్దు ఈయన ఇంట్లోనే ఉండాడు సార్. చీకటి పడినాక ఒక కారొచ్చింది. ఈయనే పోయి ఒక పెట్టె తెచ్చినాడు. తెల్ల థర్మకోల్ పెట్టె. పిల్లోళ్ళ టీకాలు తెస్తారే, అట్లాంటిది. లోపల సీసా, చుట్టూ మంచు సంచులు. కార్లో ఎవరుండేదీ నేను చూళ్ళే."

శశికుమార్ ఒక్క అడుగు లోపలికి వేశాడు. "సరే మేడం. వీడు అబద్ధమాడినాడు, ఒప్పుకుంటా. కానీ చౌడేశ్వరే పెద్దామెను కొట్టి, సీసా వీనికి అమ్మి ఉండొచ్చు గదా? అది అంత జాగ్రత్తగా మోయల్లని తెలిసింది ఆ సంఘం ఆడోళ్ళకే."

"మంచులో పెట్టింది చౌడేశ్వరి కాదు సార్."

"ఎట్లా చెప్తారు?"

"జైల్లో నేను ఆ పిల్లతో అన్నా, మీ తోడు ఏ ఫ్రిజ్జులోనో ఉంటాది, దొరుకుతాది అని. ఏడ్చేసింది. ఫ్రిజ్జులో పెడితే చచ్చే ఉంటాది మేడం అనింది. ఆ సంఘంలో అందరిదీ అదే మాట. తడి ఇసుక కుండలో పెడతారు, మంచు దగ్గరికి రానియ్యరు. అది నిజం కాదు. చలికి అవి చావవు, నిద్రపోతాయి అంతే. ఎన్నిసార్లు చెప్పినా ఈళ్ళు నమ్మరక్కా, ఐసు పెట్టెలో పెట్టమంటే దెబ్బలాడతారు అని నాతో తల కొట్టుకునింది ఒక్కరే..."

మాట నోట్లోనే ఉండిపోయింది.

చుట్టూ అన్నీ అలాగే ఉన్నాయి. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. షమాకు మాత్రం ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. దండగక్కా. బుడిపెలు ఏ చేలో అయినా ఉంటాయి. ఆ పిల్ల పొరబడలేదు. తవ్వకుండా ఆపడానికి చెప్పింది. హాస్టళ్ళలో పెరిగి, పెరుగంటే ప్యాకెట్టే ఎరిగిన పిల్ల. దీపం వేళకు తోడు ఇచ్చిందనే కథ అల్లి తిప్పేష్ నోట్లో పెట్టింది కూడా ఆమే అయి ఉండాలి. ఆ కథలో తప్పుందని ఆమెకు తెలిసే దారి లేదు. తిప్పేష్‌కా, పాలెక్కడో పెరుగెక్కడో ఎప్పుడూ పట్టలేదు.

"ఎవరు?" అన్నాడు శశికుమార్.

"ఈయప్ప ఫోన్ తీసుకోండి సార్. చివర ఎవరితో మాట్లాడినాడో చూడండి."

తిప్పేష్ వెనక్కి తగ్గాడు. సీఐ అతని జేబులోంచి ఫోన్ లాక్కుని తెర చూశాడు. "ఆశ్రిత మేడం. ఇప్పుడే. మనం ఈడికి వచ్చినాక." తల ఎత్తాడు. "ఈమె మీ మనిషి గదా? ఇప్పుడు యాడుంది?"

"తిరుపాలమ్మ మంచం పక్కన. కూర్చోబెట్టింది నేనే."

ఆ తర్వాత ఇద్దరూ వాదించుకోలేదు. శశికుమార్ తిప్పేష్‌ను మెడపట్టి జీపులో వెనక్కి తోశాడు. షమా ముందు సీట్లో ఎక్కింది. సీఐ ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకు ఫోన్ కలిపాడు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. కంట్రోల్ రూముకు కలిపి, దగ్గరలో ఉన్న బండిని పంపమని అరిచాడు. అనంతపురం ఇంకా గంట దూరం.

"ఆశ్రిత మేడం కొట్టల్లని పోలేదంట సార్," వెనకనుంచి తిప్పేష్ గొణిగాడు. "నా దుకాణానికి సరుకు పంపే కంపెనీవాళ్ళు ఆ రాత్రే సీసా చూస్తామన్నారు. ఈ చేను బాగా వస్తే ఆ యమ్మ పేరు మీదనే మందు తీస్తామన్నారు. అడగడానికే పోయిందంట. ఆ పెద్దామె ఇయ్యనంటే పెనుగులాటలో..."

"తెల్లారినాక పోయి అడిగుంటే నవ్వుతా ఇచ్చేది," అంది షమా. "ఎవరికి లేదనింది ఆ మనిషి."

ఆమె ఆశ్రిత నంబరు నొక్కి, సీఐ వినేలా స్పీకరు పెట్టింది. రెండో మోతకే ఎత్తింది.

"చెప్పండక్కా." గొంతులో తొణుకు లేదు.

"ఎట్లుండాది ఆమెకు?"

"మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచింది. నీళ్ళు అడుగుతోంది."

"నర్సును పిలిచినావా?"

"ఆవిడ పక్క వార్డుకు వెళ్ళింది. నేనే కలిపి ఇస్తున్నాను."

"నీళ్ళల్లో కలపడానికి ఏముంది ఆశ్రితా?"

అవతల గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"గ్లూకోజ్ అక్కా," అంది ఆశ్రిత. "మీరు చేలోంచి బయలుదేరారా?"

చేనుకు పోతున్నట్టు షమా ఆమెకు చెప్పలేదు. ఏదో ఒకటి మాట్లాడి, ఆ పిల్ల రెండు చేతుల్లో ఒకటైనా ఫోనుకు కట్టిపడేయాలని నోరు తెరిచింది. లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

శశికుమార్ ఆమెను తిట్టలేదు. డ్రైవరును తిట్టాడు. షమా కళ్ళు మూసుకుని ఆ వార్డును మంచం మంచంగా తలుచుకుంది. కిటికీ పక్క తిరుపాలమ్మ. ఆ పక్క మంచం మీద తుంటి విరిగిన ముసలామె. ఆమెకు సాయంగా కోడలు గౌస్‌బీ. మొన్న తను పోయినప్పుడు, మా పాపకు ధర్మవరం సంబంధమొకటి వచ్చింది ఆపా, విచారించి పెట్టండని అక్క వరసతో పిలిచి నంబరు ఇచ్చింది. ఆ నంబరు వెతికి నొక్కింది.

"సలాం ఆపా. కిందికి టీ కోసం దిగినా. పిల్లోని సంగతి తెలిసిందా?"

"గౌస్‌బీ, గ్లాసు ఆడే పారేసి పైకి పరిగెత్తు. తిరుపాలమ్మ కాడ ఉండే పిల్ల చేతిలో నీళ్ళుంటాయి. అవి ఆమె నోట్లోకి పోకూడదు."

"ఆ మంచి పిల్లనా? పొద్దున మా అత్తకు గూడా పండ్లు..."

"ఎక్కుతా విను. అడగొద్దు, చెప్పొద్దు. పోయి చేతి మీద కొట్టు. ఏం జరిగినా నాదే పూచీ. ఫోన్ ఆపొద్దు."

ఫోనులోంచి మెట్ల మీద చెప్పుల టపటపలు వచ్చాయి. ఎవరో పక్కకు తప్పుకోమంటే విసుక్కున్నారు. గౌస్‌బీ ఆయాసం. తలుపు రెక్క గోడకు కొట్టుకుంది.

"ఏయ్ అమ్మాయ్, ఆగు..."

స్టీలు గ్లాసు నేల మీద పడి చాలాదూరం దొర్లింది.

ఆ వెంటనే ఒక ఆడమనిషి అరిచింది. ఒక్కసారే. ఆ గొంతు గౌస్‌బీదో, ఆశ్రితదో, తిరుపాలమ్మదో షమాకు అంతు చిక్కలేదు.